ఆషాఢం సేల్ పక్కనపెట్టి ఆదివారం ఇద్దరూ కలిసి గడపడం ఎలా?

ఆషాఢం వచ్చిన సంగతి పంచాంగం చూడకపోయినా పేపరు చూస్తే తెలిసిపోతుంది. మొదటి పేజీ నిండా చీరల షాపు ప్రకటన, ‘50 శాతం వరకు తగ్గింపు’, ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’, కింద ఊరూరా ఉన్న బ్రాంచీల పేర్లు. శూన్యమాసం కాబట్టి పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, బట్టల బేరాలు మందగిస్తాయి. శ్రావణంలో ముహూర్తాలు మొదలయ్యేలోపు పాత స్టాకు వదిలించుకోవాలి, కొత్త సరుకుకు ర్యాకుల్లో చోటు చేసుకోవాలి. వ్యాపారి వైపు నుంచి చూస్తే అది సబబైన అవసరమే.

మన వైపు నుంచి చూస్తే లెక్క వేరు. ఆలుమగలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఇద్దరికీ కలిసొచ్చే సెలవు ఆదివారం ఒక్కటే. ఆషాఢంలో అలాంటివి నాలుగైదు వస్తాయి. వాటిలో ఒకటి చుట్టాలింటికి, ఒకటి ఇంటి పనులకు పోతుంది. మిగిలిన వాటిని బిల్లింగ్ క్యూలో నిలబడి గడిపేస్తున్నాం. డిస్కౌంటు మళ్ళీ వస్తుంది. శ్రావణానికి వస్తుంది, ఆగస్టు 15కి వస్తుంది, దసరా దీపావళికి, సంక్రాంతికి, ఉగాదికి కూడా వస్తుంది. ఇద్దరికీ ఒకేసారి తీరిక దొరికే పూట అంత తరచుగా రాదు. అందుకే ఈ ఆషాఢంలో ఒక్క ఆదివారాన్నయినా సేల్ చేతికి పోనివ్వకుండా మీకోసం అట్టేపెట్టుకోవడం ఎలాగో చెబుతాను. ఇలాంటిది ఎప్పుడూ చేయనివారిని దృష్టిలో పెట్టుకునే రాస్తున్నాను. కావలసినవి ఒక కాగితం, ఒక పెన్ను, ఒక ఆదివారం.

1. ఇద్దరికీ కలిసే గంటలు ఎన్నో రాయండి

కాగితం మీద వారం రోజులూ గీసి, ఇద్దరూ మెలకువగా, ఇంట్లో, వేరే పని లేకుండా ఉన్న సమయాన్ని మాత్రమే గుర్తించండి. ఒకరు వంటింట్లో, ఇంకొకరు టీవీ ముందు ఉన్న గంట లెక్కలోకి రాదు. పిల్లల హోంవర్కు గంటా రాదు. మధ్యాహ్నం రెండింటికి క్యాబ్ ఎక్కి రాత్రి పదకొండు దాటాక దిగే ఉద్యోగి, పొద్దున్నే ఆరింటికి డ్యూటీ ఎక్కే నర్సు భార్యాభర్తలైతే, సోమవారం నుంచి శనివారం దాకా ఆ కాగితం దాదాపు తెల్లగానే ఉంటుంది. కిరాణా షాపు నడిపే దంపతులు రోజంతా పక్కపక్కనే ఉంటారు కానీ మాట్లాడుకునేదంతా సరుకు గురించే.

ఈ కాగితాన్ని ఇద్దరూ కలిసి చూడాలి. తర్వాత చెప్పే పనులన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

2. తగ్గింపు మీకు ఎంతకు పడుతోందో తేల్చండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాదు ఉప్పల్‌లో ఉండే జంట కూకట్‌పల్లిలో పెద్ద షోరూముకు కారులో బయల్దేరింది. పోయి వచ్చేసరికి నలభై కిలోమీటర్లు దాటుతుంది, పెట్రోలు ఒక 300 రూపాయలు. పార్కింగు 50. మధ్యలో ఆకలేస్తే ఇద్దరికీ టిఫినూ టీ కలిపి 300. మూడు వేల చీర మీద 30 శాతం, అంటే 900 మిగిలింది. పిల్లల బట్టల మీద ఇంకో 600 మిగిలిందనుకుందాం. మొత్తం 1,500 మిగులు, 650 ఖర్చు. చేతిలో నికరంగా నిలిచింది 850. పొద్దున పదకొండుకు వెళ్ళి సాయంత్రం ఐదుకు ఇల్లు చేరారు. ఆరు గంటలు, ఇద్దరివి కలిపితే పన్నెండు. గంటకు 70 రూపాయలు. దారిలో ‘ఎలాగూ వచ్చాం కదా’ అని ఒక 1,800 రూపాయల కుర్తా తీసుకుంటే ఆ 850 కూడా పోయి, ఎదురు దాదాపు వెయ్యి రూపాయలు చేతి నుంచి పడ్డాయి.

ఆ ఆరు గంటల్లో జరిగిందేమిటో కూడా చూడండి. ఆమె మొదటి అంతస్తులో పరుపు మీద గుట్టగా పడేసిన చీరల్లో రంగు వెతుకుతోంది. అతను మెట్ల పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద, ఒళ్ళో సంచులు, చేతిలో ఫోను, పక్క స్టూలు మీద తనలాంటి ఇంకో భర్త. ఆమె రెండు చీరలు పైకెత్తి దూరం నుంచే ‘ఏది బాగుంది?’ అని సైగ చేస్తే, అతను ఏదో ఒకదానికి తలూపాడు. తర్వాత బిల్లింగ్ క్యూ, ఆ తర్వాత బిల్లు చూపించి కవర్లు తీసుకునే డెలివరీ కౌంటరు దగ్గర ఇంకో క్యూ. పార్కింగు నుంచి కారు బయటికి తీసేసరికి ఇద్దరికీ చిరాకు. పక్కపక్కనే ఉన్నారు. ఒక్క మాటైనా మాట్లాడుకోలేదు.

మరి ఇంత తక్కువ లాభానికి అంత దూరం ఎందుకు పోతాం? ఆమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1981లో ప్రచురించిన ఒక ప్రయోగం దీన్ని చక్కగా చూపిస్తుంది. 15 డాలర్ల కాలిక్యులేటరు ఇరవై నిమిషాల దూరంలో ఉన్న షాపులో 5 డాలర్లు తక్కువకు దొరుకుతుంది, వెళ్తారా అని కొందరిని అడిగారు. 68 శాతం మంది వెళ్తామన్నారు. అదే 5 డాలర్ల తగ్గింపు 125 డాలర్ల వస్తువు మీద అని వేరేవారిని అడిగితే, వెళ్తామన్నది 29 శాతమే. మిగిలే డబ్బు రెండుచోట్లా ఒకటే, పోయే ఇరవై నిమిషాలూ ఒకటే. మనం చూసేది డబ్బును కాదు, శాతాన్ని. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985లో దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళారు. వస్తువు వల్ల కలిగే సంతోషం ఒకటైతే, దాన్ని చవగ్గా కొట్టేశామన్న సంతోషం వేరేగా ఇంకొకటి ఉంటుందని చెప్పారు. ఆ రెండో సంతోషం కోసమే అక్కర్లేని వస్తువులు ఇంటికొస్తాయి.

అందుకే ట్యాగు మీద శాతాన్ని వదిలేసి రూపాయలు రాయండి, వాటి పక్కన గంటలు రాయండి. ఎంఆర్‌పీ అన్నది దానికి మించి అమ్మకూడదని చెప్పే గరిష్ఠ ధర. వస్తువు రోజూ అంతకే అమ్ముడవుతుందని దాని అర్థం కాదు. కాబట్టి ఎంఆర్‌పీ మీద తగ్గింపును చూసి అంత మొత్తం మిగిలిందనుకోకండి.

3. నిజంగా కావలసినవాటిని విడదీయండి

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చేతిలో డబ్బు బిగువుగా ఉన్న ఇంట్లో ఫ్రిజ్ మీద మూడు వేలు తగ్గడం చిన్న విషయం కాదు. పిల్లల యూనిఫారాలు, బడి బూట్లు తగ్గింపులో కొనుక్కోవడం సంసారం తెలిసినవాళ్ళు చేసే పని. దాన్ని మానేయమని నేను చెప్పను. ఆ పనికి ఆదివారం ఇవ్వొద్దంటున్నాను, అంతే.

నెల మొదట్లోనే చీటీ రాసుకోండి. ఏం కావాలి, ఎన్ని, ఎంతలోపు. ఈ ‘ఎంతలోపు’ రాయడం మరిచిపోవద్దు. చీటీలో ఉన్నవాటిని మామూలు రోజు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఎవరో ఒకరు తెచ్చేయొచ్చు. మంగళవారం సాయంత్రం షాపులో ఆదివారం ఉన్నంత రద్దీ ఉండదు, ధర మాత్రం అదే. పెద్ద వస్తువైతే మోడల్ ముందే ఖాయం చేసుకుని రెండు మూడు షాపులకు ఫోన్ చేసి ధర కనుక్కోండి.

నో కాస్ట్ ఈఎంఐ దగ్గర ఒక్క క్షణం ఆగండి. మామూలుగా వడ్డీకి సరిపడా మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా తగ్గించి చూపిస్తారు. కార్డు మీద తీసుకుంటే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మన మీదే పడతాయి. ఆ వాయిదా తీరేదాకా నెలనెలా ఇంట్లో దాని గురించి మాటా మాటా వస్తుంటే, ఆ చిరాకును కూడా ధరలోనే కలుపుకోండి.

4. ఫోనును దారికి తెచ్చుకోండి

ఇప్పుడు సేల్ ఉన్నది షోరూములో మాత్రమే కాదు. 2014 అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ తొలి బిగ్ బిలియన్ డే పెట్టింది, ఆ తర్వాత అమెజాన్ గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్ మొదలైంది. అప్పటి నుంచి దసరా సీజను పడకగదిలోకి వచ్చేసింది. అర్ధరాత్రి పన్నెండుకు ఆఫర్లు తెరుచుకుంటాయని ఇద్దరూ ఒకే మంచం మీద వీపులు ఆనించుకుని ఎవరి ఫోను వారు చూసుకుంటూ ఉండటం చాలా ఇళ్ళలో జరుగుతున్నదే.

చేయవలసింది పది నిమిషాల పని. షాపింగ్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి. వాట్సాప్‌లో ఆఫర్లు పంపే షాపుల నంబర్లను బ్లాక్ చేయండి. కార్టులో పడి ఉన్నవాటిని తీసేయండి, అవసరమైతే మళ్ళీ వెతుక్కోవచ్చు. కార్డు వివరాలు యాప్‌లో సేవ్ అయి ఉంటే చెరిపేయండి. ప్రతిసారీ పదహారు అంకెలు కొట్టాల్సి వస్తే సగం కొనుగోళ్ళు ఆలోచన దగ్గరే ఆగిపోతాయి.

‘ఇంకా రెండే మిగిలాయి’, ‘పది నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది’ అని కనిపిస్తే కంగారు పడకండి. ఇలా లేని తొందరను సృష్టించి కొనిపించడం తప్పని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పేర్కొన్న 13 రకాల మోసపు పద్ధతుల్లో మొదటిది ఇదే. మనం చెప్పకుండానే కార్టులో అదనపు వస్తువో సేవో కలిపేయడం కూడా ఆ జాబితాలో ఉంది.

5. భాగస్వామితో ఎలా చెప్పాలి

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసిన పని ఇది. ‘నీకు షాపింగ్ పిచ్చి’ అని మొదలుపెడితే ఆదివారం అక్కడితో సరి.

షాపుకు వెళ్దామనే మనిషికి అందులో ఏం దొరుకుతోందో ముందు ఆలోచించండి. చాలామంది ఆడవాళ్ళకు ఇంటి నుంచి కాసేపు బయటపడటానికి ఎవరూ అడ్డుచెప్పని కారణం షాపింగు ఒక్కటే. ‘ఊరికే బయటికి వెళ్దాం’ అంటే ‘ఎందుకు?’ అంటారు. ‘చీరలు తగ్గింపులో ఉన్నాయి’ అంటే ఎవరూ ఏమీ అనరు. ఇంకొందరికి అది నేర్పరితనం. వందకు వంద చూసుకుంటూ ఇల్లు నడుపుకొచ్చిన చెయ్యి, రెండు వేలది పన్నెండు వందలకు తెచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్క మెచ్చుకోలు మాటైనా అనాలని ఆశపడుతుంది. మగవాళ్ళకీ ఇది ఉంది. ఫోన్ల ధరలు, టీవీల ధరలు నెలల తరబడి గమనిస్తూ కూర్చునేవారు తక్కువేమీ లేరు. షాపింగు మానిపించి బదులుగా ఏమీ ఇవ్వకపోతే దాన్ని పిసినారితనమే అంటారు, అనడంలో తప్పు కూడా లేదు.

అందుకే ‘వద్దు’తో కాకుండా ‘రా’తో మొదలుపెట్టండి. మాట ఇలా ఉండొచ్చు:

“ఈ ఆదివారం షాపుకు వద్దులే. పొద్దున్నే మనిద్దరం ఎటైనా వెళ్దాం.”

“మరి అమ్మకు చీర తీసుకోవాలి కదండీ?”

“బుధవారం నేను తొందరగా వచ్చేస్తా. ఇద్దరం వెళ్ళి ఆ ఒక్కటీ తీసుకుని వచ్చేద్దాం. ఆదివారం మాత్రం మనకోసం ఉంచుదాం.”

చూడండి, చీర పోలేదు. రోజు మారింది. అడిగినవారు తమ వైపు నుంచి ఒక సాయంత్రం కూడా ఇచ్చారు. బుధవారం అన్నది బుధవారమే జరగాలి. ఆ మాట తప్పితే వచ్చే ఆదివారం అడిగే హక్కు ఉండదు.

కొన్ని జంటలకు షాపింగే కలిసి గడిపే సమయం కావచ్చు. మొజంజాహీ మార్కెట్ దాకా నడుచుకుంటూ, ఏమీ కొనకపోయినా ధరలడుగుతూ, ఐస్‌క్రీం తిని నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళు హాయిగా అలాగే చేయొచ్చు. వాళ్ళకు ఈ వ్యాసం అక్కర్లేదు.

6. ఇంటిపని ముందే సగంసగం పంచుకోండి

ఈ మెట్టు దాటకపోతే మిగతావన్నీ వృథా. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనుల మీద ఆ పనులు చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మూడు గంటల పైచిలుకు తేడా. అంటే ‘ఇద్దరికీ సెలవే’ అనుకున్న ఆదివారం నిజానికి ఒకరికే సెలవు. ‘ఇవాళ ఎక్కడికీ వద్దు, ఇంట్లోనే హాయిగా గడుపుదాం’ అని భర్త అంటే, భార్యకు అది చికెన్ కూర, బిర్యానీ, రెండు సార్లు టీ, సింకు నిండా గిన్నెలు. ఆ మాటకు ఆమె ముఖం వాడితే ప్రేమ లేక కాదు.

శనివారం రాత్రే పని తేల్చేయండి. బట్టలు మడతపెట్టడం, గిన్నెలు, పిల్లల బ్యాగులు ఇద్దరూ కలిసి చేస్తే ఒక గంటలో అయిపోతాయి. ఆదివారం పొద్దున టిఫిన్ సెంటర్ నుంచి ఇడ్లీ, పెసరట్టు తెచ్చుకోండి, మధ్యాహ్నానికి పప్పు, పచ్చడి, అప్పడాలు చాలు. ‘సాయం చేస్తా, ఏం చేయాలో చెప్పు’ అనకండి మగవారూ, ఆ చెప్పడం కూడా ఆమెకు పనే. మీకు కనిపించిన పని మీరే అందుకోండి. పిల్లలను ఆ పూట చూసుకోవడానికి అమ్మమ్మో నానమ్మో దగ్గర్లో ఉంటే అడగండి. అడగడానికి మొహమాటపడకండి, ఆ పెద్దవాళ్ళకూ పిల్లలతో గడపడం ఇష్టమే.

7. ఆ పూట ఏం చేయాలి

పెద్ద పథకాలు వేసుకోకండి. మూడు నాలుగు గంటలు చాలు, ఖర్చు రెండు టీలకు మించక్కర్లేదు. హైదరాబాదులో ఉంటే కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో పొద్దున నడక, లేదా కుతుబ్‌షాహీ సమాధుల తోట. ఎంఎంటీఎస్ రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని లింగంపల్లి దాకా వెళ్ళి తిరిగి రావడం కూడా మంచి కాలక్షేపమే. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ, అవతల ఉండవల్లి గుహలు. రాజమండ్రిలో పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే చాలు, ఆషాఢానికి గోదావరి ఎర్రనీళ్ళతో వస్తూ ఉంటుంది. విశాఖలో బీచి రోడ్డు ఎలాగూ ఉంది.

వాన పడితే ఇంట్లోనే ఉండండి. ఆషాఢంలో ఇంట్లో చేసుకోదగ్గది ఒకటి మన పెద్దవాళ్ళే ఇచ్చారు, గోరింటాకు. కోన్ కాదు, ఆకు. శనివారం సాయంత్రమే కోసి తెచ్చుకుని, కాస్త చింతపండు వేసి మెత్తగా రుబ్బుకోండి. ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక భర్తే భార్య చేతులకు పెట్టాలి. అరచేతి మధ్య పెద్ద చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ళకు టోపీలు. అతనికి చెయ్యి తిరగదు, చందమామ కోడిగుడ్డులా వస్తుంది, పర్వాలేదు. ఆమె కూడా అతని చిటికెన వేలికి ఒకటి పెట్టొచ్చు. ఇక ఆరేదాకా గంటన్నర, రెండు గంటలు ఆమె ఫోను ముట్టుకోలేదు. దాహమేస్తే అతనే గ్లాసు పట్టాలి. జుట్టు మొహం మీద పడితే అతనే తీయాలి. ముక్కు దురదపెడితే అతన్నే పిలవాలి. అతని ఫోను ఇంకో గదిలో పెట్టి ఉంచండి. మాటలు వాటంతటవే వస్తాయి.

ఆ పూట మూడు విషయాలు ఎత్తకండి. వాయిదాలు, అత్తమామల ఫిర్యాదులు, పిల్లల మార్కులు. వాటికి వారంలో మిగతా రోజులున్నాయి. మాట్లాడటానికి ఏమీ లేదనిపిస్తే ఊరుకోండి. పక్కన మనిషి ఉండగా ఊరికే కూర్చోవడం అలవాటు తప్పినవారికి మొదటి అరగంట ఇబ్బందిగానే ఉంటుంది.

8. దూరంగా ఉన్నవారు, దూరదేశంలో ఉన్నవారు

కొత్తగా పెళ్ళయినవారిలో ఆషాఢానికి అమ్మాయిని పుట్టింటికి పంపే ఆచారం పాటించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఈ నెలలో కడుపు పడితే కాన్పు నడివేసవిలో వస్తుందనేది పెద్దలు చెప్పే కారణాల్లో ఒకటి. అలాంటి జంట ఆదివారం ఒక సమయం ఖాయం చేసుకుని గంటసేపు తీరిగ్గా ఫోనులో మాట్లాడుకోవాలి. ‘ఈ డిజైను బాగుందా’ అని ఫొటోలు పంపుకోవడాన్ని మాట్లాడుకోవడం కింద లెక్కేసుకోవద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇదే పరీక్ష నవంబరులో వస్తుంది. నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్, మర్నాడు బ్లాక్ ఫ్రైడే. అక్కడ దసరాకూ సంక్రాంతికీ సెలవు ఉండదు కనుక, చాలా ఆఫీసుల్లో వరుసగా నాలుగు రోజులు ఇద్దరికీ ఖాళీ దొరికే అరుదైన సందర్భం అది. తెల్లవారుజామున చలిలో షాపు ముందు లైను కట్టి ఆ నాలుగింటిలో ఒక రోజు పోగొట్టుకోకండి. కావలసింది ఏదైనా ఉంటే ముందే ఆన్‌లైన్‌లో ధర చూసి ఐదు నిమిషాల్లో తీసేసుకోండి.

మొదటిసారి అనుకున్నట్టు కుదరకపోవచ్చు. సరిగ్గా ఆ పూటే చుట్టాలు దిగుతారు, కరెంటు పోతుంది, ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. అప్పుడు రద్దు చేయకండి, వచ్చే ఆదివారానికి జరపండి. ఏ ఆదివారమో ఇవాళే ఇద్దరూ కలిసి నిర్ణయించుకుని గోడ మీద క్యాలెండర్‌లో సున్నా చుట్టండి. ఆ రోజు పేపర్లో ఏ ప్రకటన వచ్చినా ఆ తేదీ మార్చకండి.